రేఖాపటములు - వానిని మాటలలో చెప్పు విద్య



ఈ సాయంకాలము నేను మనవి చేయబూనిన విషయము పేరు వినగానే, "పంతులుగారికి ఈ వయస్సున ఇంగ్లీషు పాఠమేల పట్టినది?" అని కొందఱు పెద్దలు నవ్వుకొనవచ్చును. నేను ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. పంచకావ్యములు, వ్యాకరణము, ఛందస్సు, ఇవియే నా చదువు. అట్టి నాకు రేఖాపటములతో పొత్తు కలిగినది ఒక యింటి కారణముచేతను, ఒక యూరి కారణముచేతను. ఇంటి కారణము ముందు చెప్పెదను. రెండవది చెప్పుటకు కొంచెము సిగ్గుగా నున్నది గనుక దానిని వెనుకకు పెట్టుకొనుచున్నాను.

నా దౌహిత్రి విదేశమున చదువగోరి, అందులకు వలసిన ఇంగ్లీషు పరీక్షకు సిద్ధపడుచు కొన్ని నెలలు మా యింట నుండినది. ఆ పరీక్షను ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అందురు. అది 1989వ సంవత్సరమున మొదలైనది. పై చదువులకు పోవువారికి వ్రాతపరీక్షలో మొదటి ప్రశ్నగా తఱచు ఒక పటము నిత్తురు. అందు గీతలు ఎక్కుచు దిగుచు నుండును. లేదా స్తంభములు వరుసగా నిలిచి యుండును. లేదా అప్పచ్చిని ముక్కలుగా కోసినట్లు ఒక చక్రము భాగింపబడి యుండును. దానిని చూచి 20 నిమిషములలో 150 మాటలకు తక్కువ గాకుండ ఇంగ్లీషులో వర్ణింపవలెను. ఇట్లేల జరిగినదో చెప్పరాదు. స్వాభిప్రాయము కూడదు. కన్నది కన్నట్లు చెప్పవలెను.

అమ్మాయి తాను వ్రాసినది తెచ్చి, తెలుగులో అర్థము చెప్పి, బాగున్నదా అని యడిగినది. ఫలాని యేట ఇంత, అయిదేండ్లకు ఇంత, మఱి యైదేండ్లకు ఇంత అని యంకెలన్నియు వరుసగా నున్నవి. ఒక్క తప్పు లేదు. "అమ్మా, ఇంతకు ఏమైనదే?" అంటిని. "అన్నీ వ్రాసినాను గదా, తాతగారూ!" అన్నది. అప్పుడు నాకు మా గురువుగారి మాట జ్ఞప్తికి వచ్చినది. శ్లోకమునకు ప్రతిపదార్థము చెప్పి కూర్చుండినచో వారు ఊరకుండెడివారు కారు, తాత్పర్యము చెప్పుమనెడివారు. జాతకచక్రము గీయుట వేఱు, ఫలము చెప్పుట వేఱు. ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఆదాయము 5, వ్యయము 11 అని చదివి సిద్ధాంతిగారు ఆగిపోయినచో వినువారు ఊరకుందురా? చెప్పినది అనుకూలమా ప్రతికూలమా అని అడుగరా? అమ్మాయి వ్రాతలో ప్రతిపదార్థము ఉన్నది, తాత్పర్యము లేదు. ఆ పరీక్షాధికారులు కోరునదియు మొదట తాత్పర్యమే యని ఆమె పుస్తకమున తరువాత కనబడినది.

నాటినుండి ఈ పటముల పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది. తెలిసికొన్నది యేమనగా, పటము పుట్టిననాడే దానిని వివరించు వచనమును పుట్టినది. ఒకటి లేక రెండవది నడవలేదు.

జోసెఫ్ ప్రీస్ట్లీ యను ఇంగ్లీషు పండితుడొకడు ఉండెను. తరువాత 1774లో మనము పీల్చు ప్రాణవాయువును వేఱుచేసి చూపినవాడు ఇతడే. ఇతడు బడిపంతులుగా నున్న కాలమున, 1765లో, మహాపురుషుల జీవితకాలములను తెలుపు పటము నొకదానిని ప్రకటించెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క అడ్డగీత. పుట్టిన యేట మొదలై చచ్చిన యేట ఆగును. ఇంచుమించు రెండువేలమంది అందు గలరు. ఎవరు ఎవరికి సమకాలికులో, ఏ శతాబ్దమున విద్వాంసులు గుంపుగా నున్నారో, ఏ శతాబ్దము వెలితిగా నున్నదో కంటితో చూడవచ్చును. జనన మరణములు నిశ్చయముగా తెలిసినవారికి నిండుగీత గీసి, సందేహముగా నున్నచోట చుక్కలు పెట్టెను. మన కవుల కాలనిర్ణయము చేయు పండితులు ఈ చుక్కల పద్ధతిని ముందే యెఱిగియుండినచో ఎన్ని వాదములు తప్పియుండెడివో! అయినను ఆ పటమును జనుల చేతికి ఊరక యియ్యలేదు. దానితోపాటు వివరణగ్రంథ మొకటి వ్రాసెను. కాలమును గీతగా నెంచవచ్చునని మొదట ఒప్పింపవలసి వచ్చినది. నేడు బడిపిల్లవానికి తెలిసిన ఈ సంగతికి ఆనాడు వ్యాఖ్య కావలసి యుండెను.

ఇక అసలు కథానాయకుని చెంతకు వత్తము. విలియం ప్లేఫేర్ అనువాడు స్కాట్లండు దేశమున 1759లో పుట్టెను. తండ్రి మతగురువు, ఇతని పదుమూడవ యేట గతించెను. పెంచినవాడు పెద్దన్న జాన్ ప్లేఫేర్, గొప్ప గణితవేత్త. ఆ అన్న తమ్మునిచేత దినదినము ఉష్ణమాపకమును చూపించి, వేడిమి హెచ్చుతగ్గులను గీతలుగా గీయించెడివాడట. అంకెలలో చెప్పగలదానిని నెల్ల గీతలలోను చెప్పవచ్చునని తనకు నేర్పినది అన్నయేయని విలియం తరువాత వ్రాసికొనెను. పిమ్మట ఇతడు నూర్పిడియంత్రమును కల్పించిన ఆండ్రూ మీకిల్ వద్ద పని నేర్చి, ఆవిరియంత్రమునకు పేరుపడిన జేమ్స్ వాట్ వద్ద 1777 మొదలు కొన్నియేండ్లు పటములు గీయువాడుగా నుండెను.

1786లో ఇతడు ఇంగ్లండు వర్తకమును గూర్చి ఒక పటసంపుటము వెలువరించెను. పటసంపుట మనగా దేశముల పటములనియే జనులు తలచు కాలమది. ఇందు దేశముల రూపులు లేవు. అడుగున 1700 మొదలు సంవత్సరములు, ప్రక్కన ద్రవ్యము, నడుమ ఎగుమతికి ఒక గీత, దిగుమతికి ఒక గీత. రెంటికి నడుమనున్న ఎడమే లాభమో నష్టమో. నలువదినాలుగు పటములలో నలువదిమూడు ఇట్టివే. మిగిలిన ఒక్కటి స్కాట్లండుది. దానికి ఏటేటి లెక్కలు దొరకక 1781వ సంవత్సరపు లెక్క మాత్రమే దొరకినది. ఒక్క యేటిని గీతగా గీయుట యెట్లు? గత్యంతరము లేక పదునేడు దేశములకు పదునేడు జతల స్తంభములు నిలిపెను. కాలగతిని చూపదు గనుక ఇది తక్కినవానికంటె తక్కువదని తానే యొప్పుకొనెను. నేడు వార్తాపత్రికలలో దినమును మనము చూచు స్తంభపటము అట్లు పుట్టినది. ముక్కల చక్రమును తన 1801వ సంవత్సరపు గ్రంథమున మొదట వాడినవాడును ఇతడే.

ప్లేఫేర్ తన పటమును చదువరికి నచ్చజెప్పుటకు చెప్పిన ఉపమానము నాకు మిక్కిలి నచ్చినది. వర్తకుడొకడు దినమున తనకు వచ్చిన రొక్కమును సాయంకాలము ఒక దొంతరగా పేర్చుననుకొనుడు. మఱునాటి రొక్కమును దాని ప్రక్కన మఱియొక దొంతరగా పేర్చును. ఇట్లు పేర్చుకొనుచు పోయినచో ఏ దినము బేరము బాగుగా సాగినదో, ఏ దినము మందగించినదో దొంతరల యెత్తే చెప్పును. పటమనగా ఆ దొంతరల తలలను కలిపిన గీత, అంతే. కళ్లములో రాశులు పోసి చూచుకొను మన రైతునకు ఇంతకంటె వ్యాఖ్య యక్కఱలేదు.

ఈ పటములు ఫ్రాన్సు రాజగు పదునాఱవ లూయీ చేతికి పోయెననియు, ఇవి అన్ని భాషలును మాటాడుచున్నవని రాజు మెచ్చెననియు ప్లేఫేర్ వ్రాసికొనెను. రాజుగారి మెప్పు నిజమే కావచ్చును. నాకు మాత్రము జేమ్స్ వాట్ మాటయే పెద్దదిగా తోచుచున్నది. గ్రంథము అచ్చు కాకమునుపే ఆయన ప్లేఫేర్‌కు ఒక సలహా వ్రాసెను. ఏ లెక్కలనుండి పటములు గీసితివో ఆ లెక్కలను గూడ అచ్చువేయుము, లేనిచో ఇవి నీ మాటమీదనే నిలుచును, ఇది నీకెక్కడిదని జనులడుగుదురు అని దాని సారాంశము. యంత్రములు చేసినవాని బుద్ధి అట్టిది, ఊరక నమ్మడు. ప్లేఫేర్ వంటివానికి ఈ మాట చెప్పవలసినదే. ఏలయనగా ఆయన చేతులు అంత శుభ్రమైనవి కావు. 1790 ప్రాంతమున పారిసు నగరమున కూర్చుండి, అమెరికాలోని ఒహాయో నదీతీర భూములను ఫ్రెంచివారికి అమ్మిన సయోటో కంపెనీ వ్యవహారమున ఇతడు ముఖ్యుడు. సముద్రము దాటి పోయిన ఆ జనులకు తమ చేతనున్న హక్కుపత్రములు చెల్లనివని అక్కడికి పోయిన తరువాత తెలిసినది. ఇంత కల్పనాశక్తి గలవాడు చివరకు 1823లో లండనులో దారిద్ర్యముతో మరణించెను.

ఆ పటసంపుటమున మనకు సంబంధించిన పటము ఒకటి కలదు. అది తూర్పు ఇండియాలతో ఇంగ్లండు చేసిన వర్తకమునకు సంబంధించినది, 1700 నుండి 1780 వఱకు. అందు ఇంగ్లండునకు పోయిన సరకుల గీత పైనను, అక్కడినుండి వచ్చిన సరకుల గీత క్రిందను ఉండును. ఇంగ్లీషు కంపెనీవారు 1611లోనే మన మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టుకొనిరి. మన నేతగాండ్ర బట్టలును, అద్దకపు బట్టలును ఓడలెక్కినవి. మన అద్దకపు బట్టలను తమ దేశమున కట్టరాదని ఇంగ్లండువారు 1700లో చట్టము చేసికొనవలసినంతగా అవి అక్కడ ప్రబలినవి.

ఇప్పుడు ఆ పటమును మన దౌహిత్రి పరీక్షపద్ధతిని వర్ణింతము. "ఎనుబదియేండ్లును ఇంగ్లండు కొన్నది యెక్కువ, అమ్మినది తక్కువ." అక్షరాల సత్యము. దీనిని విన్నవాడు ఇండియాకు లాభము వచ్చినదని యనుకొనును. కాని 1765లో కంపెనీవారికి వంగదేశపు దివానీ దొరకినది. 1766లో నిజాముతో చేసికొన్న సంధివలన మన ఉత్తరసర్కారులు వారి వశమైనవి. అప్పటినుండి ఈ దేశపు రైతు కట్టిన శిస్తులోనుండియే కొంత తీసి, ఆ సొమ్ముతోనే ఈ దేశపు సరకు కొని, ఓడలకెత్తిరి. పైగీత అట్లే పైననున్నది, క్రిందిగీత అట్లే క్రిందనున్నది. వాని నడుమనున్న ఎడమునకు అర్థము మాత్రము తలక్రిందైనది. ముందు అది ఇంగ్లండు చెల్లించిన వెల. పిమ్మట అందు పెద్దభాగము మనమే చెల్లించుకొన్న వెల. గీతను ఎంతసేపు తేఱిపాఱ చూచినను ఈ సంగతి కనబడదు. కారణము చెప్పరాదన్న నియమము పరీక్షకు మంచిదే కావచ్చును, చరిత్రకు చాలదు.

ప్లేఫేర్ వృద్ధాప్యమున, 1821లో, గీసిన పటము మఱియొకటి. 1565 మొదలు గోధుమల ధర స్తంభములుగాను, మంచి పనివాని వారపు కూలి వాని క్రింద ఒక గీతగాను చూపి, రాజుల పరిపాలనాకాలములను పైన వరుసగా వ్రాసెను. చూడగానే స్తంభములే కంటబడును. అవి ఎగిరెగిరి పడుచుండును. కూలిగీత మెల్లగా ప్రాకుచుండును. అయ్యో, కూలివానికి తిండి ఎంత ప్రియమైనదో యనిపించును. ఆయన చెప్పదలచినది దానికి విరుద్ధము. కూలితో పోల్చి చూచినచో గోధుమలు ఎన్నడును ఇంత చవుకగా లేవని ఆయన తాత్పర్యము. ఒక బస్తా కొనుటకు ఎన్ని దినములు పనిచేయవలెనో గీసియుండినచో అది కంటికే తెలియును, అట్లు గీయలేదు. కనుక మాటలతో చెప్పవలసి వచ్చినది. పటము ఒకటి చెప్ప, వచనము ఒకటి చెప్పుట కనిపెట్టినవానికే తప్పలేదు.

ఇచట నా యూరి కారణము చెప్పవలసి యున్నది. పండ్రెండేండ్లనాటి మాట. పైరుమీద చల్లు మందొకటి అమ్ముటకు ఒక మనుష్యుడు మా యూరికి వచ్చి, రచ్చబండవద్ద పెద్ద పటమొకటి వ్రేలాడదీసెను. అందు రెండు స్తంభములు. మందు చల్లని యెకరపు దిగుబడి పొట్టి స్తంభము, చల్లిన యెకరపు దిగుబడి దానికి రెట్టింపు ఎత్తుగల పచ్చని స్తంభము. అక్షరములు ఇంగ్లీషువి. "పంతులుగారూ, మీరు చదివి చెప్పండి" అని అందఱు నన్ను ముందునకు త్రోసిరి. నేను చూచి, "రెట్టింపు పండునట్లున్నది" అంటిని. నా నోటిమాట విని పదిమంది కొనిరి. అందు ఇద్దఱు కౌలుదారులు. అప్పు తెచ్చి కొనిరి.

కోతలైన పిమ్మట వారిలో పెద్దవాడు మా యరుగుమీద కూర్చుండి, "రెట్టింపు అన్నారు గదా, పంతులుగారూ?" అని మాత్రము అడిగినాడు. కోపము లేదు. కోపించియుండిన బాగుండెడిది. నేను పోయి, సంత గోడకు అంటించియున్న ఆ పటమును మరల చూచితిని. ఎడమ ప్రక్క చీమతలలంత అంకెలు. అడుగున సున్న లేదు. 28 అని యున్నది! పొట్టి స్తంభము 30 బస్తాలవద్ద, పొడుగు స్తంభము 32 బస్తాలవద్ద ఆగియున్నవి. అడుగు 28 గనుక మొదటిది రెండు, రెండవది నాలుగు. అందుచేత రెట్టింపు ఎత్తు. ఆ మనుష్యుడు అంకె తప్పు వ్రాయలేదు. ఎక్కడను రెట్టింపు అని వ్రాయలేదు. ఆ మాట అన్నవాడను నేను. హెచ్చిన రెండు బస్తాల వెల మందు వెలకు సరిపోలేదు. వాట్ మహాశయుని సలహా ఆనాటికి నేను వినలేదు. విననక్కఱ కూడ లేదు, అంకెలు అక్కడనే యున్నవి.

ఇట్టి పొరపాటు తన వ్రాతలో రాకుండ జాగ్రత్తపడినది ఒక స్త్రీ. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు మీరెల్లరు వినియే యుందురు. క్రిమియా యుద్ధమున రోగులకు పరిచర్య చేసి, తిరిగి వచ్చిన పిమ్మట ఆమె లెక్కలు పట్టుకొని కూర్చుండెను. 1855 జనవరి నెల ఒక్కదానియందు సేనలో గాయములచేత చచ్చినవారు 83మంది. ఇతర కారణములచేత 324మంది. నివారింపదగిన అంటురోగములచేత 2761మంది! శత్రువు తుపాకికంటె మురుగునీరే యెక్కువమందిని చంపినదన్నమాట. దీనిని మంత్రులకు తెలియజేయుటకు 1858లో ఆమె ఒక చక్రమును గీయించెను. పండ్రెండు నెలలకు పండ్రెండు ముక్కలు. నీలిరంగు రోగములకు, ఎఱుపు గాయములకు, నలుపు తక్కినవానికి. ముందు గీసిన చక్రములలో కేంద్రమునుండి గీత పొడవును బట్టి లెక్క చూపిరి. కాని కన్ను పొడవును చూడదు, వైశాల్యమును చూచును. చదరపు మడికి ప్రక్కకొలత రెట్టింపైనచో నేల నాలుగింతలగునని మీకు నేను చెప్పనేల? అందుచేత ఆమె దానిని దిద్ది, వైశాల్యమే లెక్కకు సరిపోవునట్లు గీయించి, పటము క్రిందనే నాలుగు మాటలలో దానిని చదువు విధము వ్రాసెను: ఏ రంగు దేనికి, కొలత ఎక్కడనుండి, ఏది దేనికి సమానము. ఇంగ్లీషులో పటవర్ణనకు అంతకంటె మంచి మాదిరి నాకు కనబడలేదు. అందు అలంకారము లేదు. 1855 మార్చిలో పారిశుద్ధ్య సంఘమువారు అక్కడికి చేరిన పిమ్మటి రెండవ చక్రములో నీలి ముక్కలు నెలనెలకు చిక్కిపోవుట చూచినవారికి మఱి యలంకారమేల?

ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను 1859లో నియమితమై 1863లో నివేదిక నిచ్చిన సంఘము పనిలో మునిగి, ఇండియాలోని తెల్లసేనలో ఏటేట వేయింటికి 69మంది చచ్చుచున్నారని లెక్క తేల్చి, మురుగు, మంచినీరు, కాలువలు అని జీవితాంతము పోరాడెను. ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వఱకు కట్టించిన కాటన్ దొరకును ఆమెకును ఉత్తరప్రత్యుత్తరములు నడచినవి. నీటిపారుదల విషయమున ఆయన పక్షము వహించి ఆమె వ్రాసెను.

ఇక ఆ భాషను గూర్చి రెండు మాటలు. పటము వర్ణించుటకు ఇంగ్లీషువారు వాడు మాటలు విచిత్రమైనవి. అత్యధికస్థానమును 'పీక్' అందురు, అనగా కొండకొమ్ము. మార్పులేక సాగినచో 'ప్లేటో', అనగా పీఠభూమి. దిగువను 'ట్రఫ్' అందురు, అనగా పశువుల తొట్టి. హెచ్చుతగ్గులగుటను 'ఫ్లక్చుయేట్' అందురు; అది అల అని అర్థమిచ్చు లాటిన్ మాటనుండి వచ్చినది. 'చార్ట్' అనగా మూలమున కాగితమే. 'గ్రాఫ్' అనుమాట మాత్రము క్రొత్తది. సిల్వెస్టర్ అను గణితవేత్త 1878లో దానిని వాడుకలోనికి తెచ్చెను. ప్లేఫేర్ దాని నెఱుగడు. అమ్మాయి ఈ మాటలను కంఠస్థము చేయుచు విసిగిపోయినప్పుడు, "మన ఏటియొడ్డువారు ఏమందురో తలచుకొనుము" అంటిని. ఏఱు పొంగినది, తీసినది, నిలుకడగా నున్నది, ఆటుపోటులుగా నున్నది. నాలుగింటితో పని జరిగిపోయినది. పిమ్మట ప్రతి పటమునకు ముందు ఒక్క తెలుగు వాక్యము నోటితో చెప్పి, తరువాతనే ఇంగ్లీషులో వ్రాయుట ఆమెకు అలవాటైనది. ప్రక్కన అడుగంకె యెంతయో చూడుమని నేను ప్రతిసారి చెప్పెడివాడను. "చూచితిని, తాతగారూ, సున్నయే" అని నవ్వెడిది.

ఆమె పరీక్ష వ్రాసి వెళ్లిపోయినది. మిగిలిన గళ్లకాగితములు మా యింటనే యున్నవి. ఒకనాడు వానిలో ఒకదానిమీద ఆ రెండు స్తంభములను సున్న నుండి మొదలుపెట్టి గీసితిని. ఒక గడికి ఒక బస్తా. ముప్పది గళ్లు ఒకటి, ముప్పదిరెండు గళ్లు ఒకటి. దానిని తీసికొని ఆ కౌలుదారు ఇంటికి పోయితిని. ఆయనకు చూపు మందగించినది, కాగితమును ముఖమునకు దగ్గఱగా పట్టుకొని, పై అంచులు రెంటిని వ్రేలితో తడవి చూచి, "ఇంతేనా?" అన్నాడు. ఇంతే యంటిని. కాగితము మడిచి దూలపు సందున పెట్టి, లోపలికి కేకవేసి నాకు మజ్జిగ తెప్పించినాడు.